గేటు దగ్గర ముఖం, గుమ్మం దగ్గర మర్యాద

అత్తిలి లాంటి ఊళ్లలో మెయిన్ రోడ్డు మీద లేస్తున్న భవనాల్లో ఒక తీరు తరచూ కనిపిస్తుంది. కింద నాలుగు దుకాణాలు, వెనక పార్కింగ్, మొదటి అంతస్తులో ఫంక్షన్ హాలు, ఆ పైన ఫ్లాట్లు. ఒకే గేటు. ఆ గేటులోంచే పాలవాడు వస్తాడు, పెళ్లివారు వస్తారు, దుకాణాలకు సరుకు దింపే ఆటో వస్తుంది. షష్ఠి ఉత్సవాల రోజుల్లో సుబ్రహ్మణ్యేశ్వరస్వామి దర్శనానికి పొరుగూళ్ల నుంచి వచ్చినవాళ్లు బండి ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ పెట్టి వెళతారు. ఇలాంటి భవనానికి ఎలాంటి సీసీ కెమెరాలు పెట్టాలన్నది పైకి కొటేషన్ల వ్యవహారంలా కనిపిస్తుంది. నాకు మాత్రం అందులో ఇరుగుపొరుగు ఎలా బతకాలన్న విషయమే ఎక్కువ కనిపిస్తుంది. అందుకే ఇద్దరి మధ్య వాదనగా రాస్తున్నాను. మేనత్త బ్యాంకు మేనేజరుగా రిటైరై ఆ భవనంలోనే ఉంటున్నారు, ఫ్లాట్ల సంఘానికి కార్యదర్శి. మేనల్లుడికి తాడేపల్లిగూడెంలో కెమెరాల దుకాణం ఉంది, కొల్లేటి వైపు చేపల చెరువులకూ బిగిస్తాడు. మనుషులు నా కల్పన. చట్టాలు, లెక్కలు, పరికరాలు ఉన్నవే.

మేనల్లుడు: కొటేషన్ తెచ్చానండీ అత్తయ్యా. 16 కెమెరాలు, అన్నీ 4 మెగాపిక్సెల్ ఐపీ. వైరులోనే కరెంటు పంపే పీఓఈ స్విచ్, రికార్డు చేసే ఎన్‌వీఆర్, 4 టీబీ హార్డ్ డిస్కు. పాత డీవీఆర్ రికార్డరూ, పాత వైర్లూ మొత్తం పీకేద్దాం. ఒకసారి పెట్టామంటే మళ్లీ చాలా ఏళ్లు చూసుకోనక్కర్లేదు.

మేనత్త: పదహారు ఎక్కడెక్కడరా?

మేనల్లుడు: గేటుకి ఒకటి, పార్కింగ్‌లో నాలుగు, దుకాణాల వరండాకి రెండు, లిఫ్టులో ఒకటి, హాల్లో మూడు, ఫ్లాట్ల నడవాల్లో నాలుగు, టెర్రస్ మీద ఒకటి. ఇంక మూల మిగలదు.

మేనత్త: మూల మిగలకూడదని ఎవరు అడిగారు? మన భవనంలో ఇప్పటిదాకా జరిగినవేంటో చూడు. పార్కింగ్‌లో బండి పోయింది. పెళ్లిలో ఒకావిడ హ్యాండ్ బ్యాగు పోయింది. టెర్రస్ మీద మోటారు వైరు కోసుకుపోయారు. దుకాణం షట్టరు ముందు దింపిన సరుకు తక్కువొచ్చింది. ఈ నాలుగింటిలో ఏది మళ్లీ జరిగినా, పొద్దున్న లేచి మనం అడిగే ప్రశ్న ఒక్కటే, వచ్చినవాడు ఎవడు అని. నీ 16 కెమెరాల్లో ఆ ప్రశ్నకి జవాబు చెప్పేవి ఎన్ని?

మేనల్లుడు: అసలు కెమెరా కనిపిస్తేనే దొంగ వెనక్కి తగ్గుతాడు కదండీ. ఎన్ని ఎక్కువుంటే అంత భయం.

మేనత్త: భయం మీద మరీ ఆశలు పెట్టుకోకు. నలభై ఏళ్ల అధ్యయనాలన్నీ పోగేసి పిజా, వెల్ష్, ఫారింగ్టన్, థామస్ అనే పరిశోధకులు 2019లో ఒక లెక్క తేల్చారు. కెమెరాలున్న చోట నేరాలు సగటున 13 శాతం తగ్గాయి. హింసాత్మక నేరాల మీద చెప్పుకోదగ్గ ప్రభావమే కనిపించలేదు. బాగా పనిచేసింది పార్కింగ్ స్థలాల్లో. అంటే నువ్వు పార్కింగ్‌లో పెడతానన్నవాటికి నా మద్దతు ఉంది. నడవాల్లో నాలుగు ఎందుకో మాత్రం నువ్వు చెప్పాలి.

మేనల్లుడు: నడవాల సంగతి చివర్న మాట్లాడదామండీ. దాని మీద మీరు ఊరుకోరని తెలుసు.

మేనత్త: సరే. అయితే మొదట గేటు. పాత కెమెరాలో ఆ బండి తీసుకెళ్లినవాణ్ణి నువ్వూ చూశావుగా. తెల్ల చొక్కా, నెత్తిన టోపీ. అంతే. ముఖం చోట బూడిదరంగు మచ్చ. ఎస్సై గారికి చూపిస్తే ఆయనేం చేస్తారు?

మేనల్లుడు: అందుకే 4 మెగాపిక్సెల్ రాశానండీ. పాతది 1 మెగాపిక్సెల్.

మేనత్త: మెగాపిక్సెల్ పెంచితే ముఖం వచ్చేస్తుందా? లెక్క వేసి చెప్పు.

మేనల్లుడు: లెక్కంటే ఇలాగండి. తెలియని మనిషిని ముఖం చూసి గుర్తుపట్టాలంటే ఆ మనిషి నిలబడ్డ చోట మీటరు వెడల్పుకి 250 చుక్కలు పడాలి. తెలిసిన మనిషైతే 125 చాలు. ఇది అంతర్జాతీయ ప్రమాణంలో ఉన్న సంఖ్యే. కొటేషన్‌లో రాసింది 2.8 మిల్లీమీటర్ల లెన్స్. అది సుమారు వంద డిగ్రీలు వెడల్పుగా చూస్తుంది. గేటు నుంచి 6 మీటర్ల దూరంలో, అంటే ఇరవై అడుగుల్లో కెమెరా పెడితే, గేటు దగ్గర అది దాదాపు 14 మీటర్ల వెడల్పు చూపిస్తుంది. 4 మెగాపిక్సెల్‌కి అడ్డంగా 2560 చుక్కలు. భాగిస్తే మీటరుకి 180.

మేనత్త: 250 రాలేదు.

మేనల్లుడు: రాలేదండీ.

మేనత్త: అదే చోట 2 మెగాపిక్సెల్ కెమెరాకి 6 మిల్లీమీటర్ల లెన్స్ వేస్తే?

మేనల్లుడు: అది చూసేది యాభై డిగ్రీలే. గేటు దగ్గర ఐదున్నర మీటర్ల వెడల్పు. 1920 చుక్కల్ని భాగిస్తే మీటరుకి 340 పైన.

మేనత్త: తక్కువ మెగాపిక్సెల్ కెమెరాలో ముఖం ఎక్కువ స్పష్టంగా వచ్చింది చూశావా. మన గేటు వెడల్పు పన్నెండు అడుగులు. రోడ్డు అవతల కిరాణా కొట్టు, కరెంటు స్తంభం ఆ బొమ్మలో మనకెందుకు?

మేనల్లుడు: వెడల్పుగా చూసే కెమెరా కూడా ఒకటి ఉండాలండీ. వాడు ఎటునుంచి వచ్చాడు, ఎటు పోయాడు, బయట ఇంకోడు బండి మీద కాసుకుని ఉన్నాడా అన్నది 6 మిల్లీమీటర్లలో కనపడదు. గేటు దగ్గర రెండు పెట్టాలి. ఒకటి వెడల్పుకి, ఒకటి ముఖానికి.

మేనత్త: అది ఒప్పుకున్నాను. ముఖానికి పెట్టేది ఎత్తులో పెట్టకు. రెండో అంతస్తు సన్‌షేడ్ కింద బిగిస్తే నడినెత్తి తప్ప ఏమీ కనపడదు. టోపీ పెట్టుకుంటే అదీ లేదు.

మేనల్లుడు: ఎనిమిది, తొమ్మిది అడుగుల ఎత్తులో పెడతానండీ. మన గేటు పడమర ముఖం. సాయంత్రం నాలుగు తర్వాత వచ్చేవాళ్ల వెనక ఎండ ఉంటుంది, ముఖాలు నల్లగా పడతాయి. దానికి డబ్ల్యూడీఆర్ ఉన్న కెమెరానే వాడాలి. వెలుగునీ నీడనీ వేర్వేరుగా తీసి కలుపుతుంది. డబ్బాల మీద అందరూ డబ్ల్యూడీఆర్ అని రాస్తారు గానీ, డిజిటల్ అని చిన్న అక్షరాల్లో ఉంటే అది పేరుకే. 120 డెసిబెల్స్ అని ఉన్నది తీసుకుంటాను. బండి నంబరు ప్లేటు కావాలంటే మాత్రం అది ఇంకో కెమెరా పనండీ. రాత్రి హెడ్‌లైట్ పడితే మామూలు కెమెరాలో ప్లేటు తెల్లగా మాడిపోతుంది. షట్టర్ వేగం పెంచి, లెన్స్ ఇరుకు చేసి, ప్లేటు కోసమే పెట్టాలి.

మేనత్త: మనకి ప్లేటు అక్కర్లేదు. పెళ్లికొచ్చిన ప్రతి కారు నంబరూ దాచుకుని మనమేం చేస్తాం?

ఇక్కడ ఒక మాట. మా వైపు ఇన్‌స్టాలర్లు వెడల్పు లెన్సే బిగించడానికి కారణం కొనేవాళ్లమే. టీవీలో వీధంతా కనిపిస్తే డబ్బులు గిట్టుబాటైనట్టు అనిపిస్తుంది మనకి. రోజూ చూసుకోవడానికి బాగుండే బొమ్మ వేరు, దొంగతనం జరిగిన మర్నాడు అక్కరకొచ్చే బొమ్మ వేరు. అమ్మేవాడు మొదటిది చూపించి అమ్ముతాడు.

మేనత్త: ఇప్పుడు వైర్ల సంగతి. పాతవి ఎందుకు పీకాలి? గోడల్లో పైపు వేసి లాగిన 3+1 కేబులు. రాగి తీగే. నేనే దగ్గరుండి చూసుకున్నాను.

మేనల్లుడు: అనలాగ్ ఇంక పాతకాలం సరుకండీ. 3+1లో ఒక తీగ బొమ్మకి, మూడు తీగలు కరెంటుకి. ప్రతి కెమెరా దగ్గరా బీఎన్‌సీ కనెక్టరు, పవర్ పిన్ను. మన గాలిలో తేమకి రెండు వానాకాలాలు పోయేసరికి ఆ కనెక్టర్లు పచ్చగా తుప్పు పడతాయి. బొమ్మ మీద గీతలు మొదలవుతాయి. ఐపీ అయితే ఒకటే క్యాట్-6 వైరు, అందులోనే బొమ్మ, అందులోనే కరెంటు.

మేనత్త: తుప్పు పట్టింది కనెక్టరు. వైరు కాదు. కనెక్టరు పెట్టిన చోట డబ్బా లేకుండా గాలికి వదిలేస్తే క్యాట్-6 కనెక్టరైనా అంతేగా?

మేనల్లుడు: అదీ నిజమే. డబ్బా పెట్టాలి, వైరు డబ్బాలోకి కిందనుంచి పోవాలి, లేకపోతే వాన నీళ్లు వైరు వెంట జారి లోపలికే దిగుతాయి.

మేనత్త: అనలాగ్‌లో ఒక కెమెరా పోతే ఒకటే పోతుంది. మీ ఐపీలో స్విచ్ పోతే?

మేనల్లుడు: అన్నీ పోతాయండీ. కాదనను. కానీ అనలాగ్‌లో అన్నిటికీ కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ పోతే అప్పుడూ అన్నీ పోతాయి. ఈ విషయంలో రెండూ ఒకటే. ఒక స్విచ్ అదనంగా కొని బీరువాలో పెట్టుకుంటే పది నిమిషాల పని.

మేనత్త: దూరం?

మేనల్లుడు: క్యాట్-6 మీద 100 మీటర్లు దాటకూడదు. 3+1లో బొమ్మకి వాడే కోయాక్సియల్ వైరు మీద మంచి రాగైతే 2 మెగాపిక్సెల్ బొమ్మ రెండు, మూడు వందల మీటర్లయినా పోతుంది. అందుకే రైస్ మిల్లుల్లో వే బ్రిడ్జి దగ్గర్నుంచి ఆఫీసు దాకా లాగాల్సి వస్తే నేనూ అనలాగే వేస్తాను. మిల్లుల్లో ఇంకో చిక్కుందండీ, ఊక దుమ్ము. వారానికోసారి గుడ్డతో తుడిచేవాడు లేకపోతే ఎంత ఖరీదైన కెమెరా అయినా గుడ్డిదే. మన భవనంలో అంత దూరాలూ లేవు, అంత దుమ్మూ లేదు. ఐపీకి అడ్డేమీ లేదు.

మేనత్త: అడ్డు లేదు సరే, అవసరం ఉందా? పాత వైరు మీదే ఇప్పుడు 5 మెగాపిక్సెల్ దాకా బొమ్మ వస్తుందని నువ్వే మీ మావయ్యతో చెప్పావు.

మేనల్లుడు: వస్తుందండీ. అనలాగ్ అంటే ఇరవై ఏళ్ల కిందటి మసక బొమ్మ అనుకుంటారు గానీ, ఆ వైరు మీద హెచ్‌డీ పంపడం ఎప్పుడో మొదలైంది. నేను ఐపీ అనడానికి కారణం వేరు. మనిషినీ కుక్కనీ వేరుచేసి చూడ్డం, రాత్రి పదకొండు తర్వాత ప్రహరీ గోడ మీద గీత గీసి అది దాటితే వాచ్‌మన్ ఫోన్ మోగించడం, ఇవి ఐపీలో నమ్మకంగా ఉంటాయి. ఇప్పుడు కొత్త డీవీఆర్లలోనూ కొంత వచ్చింది, అన్ని కెమెరాలకీ ఒకేసారి ఇవ్వదు.

మేనత్త: ప్రహరీ గోడ అన్నావే, అది పనికొచ్చే మాట. అయితే అన్నీ ఎందుకు మార్చాలి? కొత్త డీవీఆర్లు రెండు రకాలూ తీసుకుంటాయిగా.

మేనల్లుడు: ఎక్స్‌వీఆర్ అంటామండీ. పాత వైర్ల మీద అనలాగ్ కెమెరాలు, నెట్‌వర్క్ మీద కొన్ని ఐపీ కెమెరాలు, రెండూ ఒకే డబ్బాలోకి. గేటు ముఖానికి, ప్రహరీకి, టెర్రస్‌కి ఐపీ వేసి, దుకాణాలూ పార్కింగూ పాత వైరు మీద ఉంచొచ్చు. నాకు మిగిలేది తగ్గుతుంది గానీ, పని జరుగుతుంది.

మేనత్త: నీకు మిగలాలిరా. ఏడాది నిర్వహణకి విడిగా రాసివ్వు, దానికి సంఘంలో నేను మాట్లాడతాను. సరుకు మీద ఎక్కువ వేసుకుని తర్వాత ఫోన్ ఎత్తనివాడికన్నా, ఆర్నెల్లకోసారి వచ్చి లెన్స్ తుడిచి, రికార్డింగ్ వెనక్కి తిప్పి చూసేవాడికి డబ్బులివ్వడం మాకు లాభం. కొత్తగా లాగే వైరు మాత్రం రాగిదేనా? పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్నది వద్దు.

మేనల్లుడు: అది నేను వాడనండీ. పీఓఈ కరెంటు దానిలో దూరం పోయేకొద్దీ పడిపోతుంది, రాత్రి చీకట్లో చూపించే ఐఆర్ లైట్లు వెలగ్గానే కెమెరా రీస్టార్ట్ అయిపోతుంటుంది. తుంచి గీరి మీకు చూపించాకే లాగుతాను.

మేనత్త: కింద మందుల షాపాయన వైఫై కెమెరా చాలంటున్నాడు.

మేనల్లుడు: ఆయన కొట్టు లోపలికి చాలు. భవనానికి చాలదు. రౌటరు కట్టేస్తే అది చచ్చినట్టే. పైగా వైఫై సిగ్నల్‌ని అడ్డుకునే చిన్న జామర్లు దొంగల చేతికొచ్చాయని అమెరికాలో పోలీసులే హెచ్చరిస్తున్నారు. వైరు లాగలేని చోటనే తీగలేనివి పెట్టాలండీ. ఆకివీడు, కైకలూరు వైపు చెరువు గట్ల మీద నేను పెట్టేవి అవే. సోలార్ పలక, బ్యాటరీ, లోపల 4జీ సిమ్ము. మేత బస్తాలు పోతున్నాయని, రాత్రి వలలు వేసుకుంటున్నారని పెట్టిస్తారు. చెరువు మధ్యలోకి వైరు ఎవరు లాగుతారు? కానీ అవి మనిషి కదిలినప్పుడే మేలుకుని రికార్డు చేస్తాయి. మేలుకోడానికి పట్టే ఒకటి రెండు సెకన్లలో ముఖం దాటిపోవచ్చు. మబ్బు పట్టిన వారంలో బ్యాటరీ కూడా దిగుతుంది.

మేనత్త: మరి కొటేషన్‌లో 4 టీబీ డిస్కు రాశావు. ఎన్ని రోజులు నిలుస్తుంది?

మేనల్లుడు: కదలిక ఉన్నప్పుడే రికార్డు అయ్యేలా పెడితే నెల వస్తుందండీ.

మేనత్త: అలా వద్దు. గేటు, పార్కింగ్ రాత్రీపగలూ ఆగకుండా రికార్డు కావాలి. కదలిక గుర్తించలేదు కాబట్టి అప్పుడు రికార్డు లేదు అన్న మాట నేను వినదలచుకోలేదు. లెక్క చెప్పు.

మేనల్లుడు: 4 మెగాపిక్సెల్ కెమెరా సెకనుకి 4 మెగాబిట్లు రాస్తే రోజుకి 43 జీబీ. 16 కెమెరాలకి రోజుకి 690 జీబీ దాకా. 4 టీబీలో... ఆరు రోజులు కూడా రాదండీ.

మేనత్త: కింద ఫంక్షన్ హాలు ఉంది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం చేశారు. ఒకేసారి వంద మంది, లేదా రోజుకి ఐదు వందల మంది చేరే చోట కెమెరాలు పెట్టాలి, ఆ రికార్డు 30 రోజులు దాచాలి, పోలీసు ఇన్‌స్పెక్టర్ అడిగితే ఇవ్వాలి. మన హాల్లో ఒక్క ముహూర్తానికి ఎంతమంది వస్తారో నీకు తెలుసు. ఆరు రోజుల డిస్కుతో నువ్వు నన్ను ఆ చట్టం ముందు నిలబెడుతున్నావు.

మేనల్లుడు: అయితే ఇలా చేద్దామండీ. కెమెరాలు ఎనిమిది. 2 మెగాపిక్సెల్, హెచ్.265 పద్ధతిలో కుదిస్తే సెకనుకి 2 మెగాబిట్లు చాలు. కెమెరాకి రోజుకి 21.6 జీబీ. ఎనిమిదింటికి 173. నెలకి 5.2 టీబీ. 6 టీబీ డిస్కు, అదీ సీసీటీవీ కోసం చేసినది. కంప్యూటర్లో వాడే మామూలు డిస్కు రాత్రీపగలూ రాస్తుంటే తట్టుకోదు.

మేనత్త: బ్యాంకులో లాకర్ గది ముందు కెమెరా రికార్డు కనీసం 180 రోజులు ఉంచాలని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ఆదేశం ఇచ్చింది. ఎందుకంటే లాకర్ ఎవరూ రోజూ తెరవరు, పోయిందని తెలిసేసరికే నెలలు గడుస్తాయి. మన దగ్గర పోయిన బండి సంగతి పొద్దున్నే తెలుస్తుంది. సంక్రాంతికి ఊరెళ్లినవాళ్లకైనా వారం పది రోజుల్లో తెలుస్తుంది. మనకి 30 చాలు. అంతకన్నా ఎక్కువ దాచడం కూడా నాకిష్టం లేదు. ఎవరింటికి ఎవరు వచ్చారో ఆర్నెల్ల చరిత్ర సంఘానికి ఎందుకు?

మేనల్లుడు: ఊరెళ్లేవాళ్లకి పోలీసు వాళ్ల ఎల్‌హెచ్‌ఎంఎస్ కూడా ఉందండీ. యాప్‌లో అడిగితే తాళం వేసిన ఇంట్లో వాళ్లే కెమెరా పెడతారు, లోపల ఎవరైనా కదిలితే స్టేషన్‌కి కబురు పోతుంది. చాలామంది వాడుకోరు.

మేనత్త: అది నోటీసు బోర్డులో పెడదాం. కరెంటు పోతే?

మేనల్లుడు: ఎనిమిది కెమెరాలు, రికార్డరు, స్విచ్ అన్నీ కలిపి డెబ్భై, ఎనభై వాట్లు. లిఫ్టుతోనూ ఫ్లాట్లతోనూ కలపకుండా వీటికే ఒక ఇన్వర్టరు, 150 ఏహెచ్ బ్యాటరీ పెడితే రాత్రంతా గడుస్తుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది చూశాం కదండీ. అలాంటి చీకటి రాత్రే కెమెరా పనిచేయాల్సింది. ఎర్తింగ్ కూడా సరిగ్గా చేయించాలి. టెర్రస్ మీది కెమెరా వైరు వెంట పిడుగు పోటు దిగితే రికార్డరు దాకా కాలిపోతుంది.

మేనత్త: రాత్రి బొమ్మ రంగుల్లో వస్తుందని తెల్ల లైటు కెమెరా చూపించావు మొన్న. అది మన ఊరికి వద్దనిపిస్తోంది. వరి ఈనే రోజుల్లో దీపం కనపడితే చాలు, సుడిదోమ కమ్ముకుంటుంది.

మేనల్లుడు: గేటు ముఖం కెమెరాకి రంగు కావాలండీ. ఎర్ర చొక్కానో పచ్చ చొక్కానో చెప్పగలగాలి. అక్కడ కెమెరా లైటు మీద ఆధారపడకుండా పది అడుగుల దూరంలో విడిగా ఎల్‌ఈడీ లైటు వేద్దాం. పురుగులు లైటు దగ్గరికి పోతాయి, కెమెరా ముందుకి రావు. మిగతా చోట్ల ఐఆర్. దాని వెచ్చదనానికి సాలీడు గూడు అల్లుతుంది, అది రాత్రి తెల్ల తెరలా మెరుస్తుంది. చీపురుతో దులపడం వాచ్‌మన్ పనుల్లో రాయండి.

ఇంతవరకూ ఇద్దరూ బేరం ఆడుతున్నట్టే ఉన్నారు. నిజమైన తగాదా పాస్‌వర్డు దగ్గర మొదలవుతుంది, నడవాల దగ్గర ముదురుతుంది. ఏ భవనంలోనైనా ఈ రెండు సంగతులూ డబ్బులు కట్టేశాకే గుర్తొస్తాయి. నా దృష్టిలో ఇవి మొదట తేల్చాల్సినవి.

మేనత్త: యాప్ ఎవరెవరి ఫోన్లలో వేస్తావు?

మేనల్లుడు: అడిగినవాళ్లందరికీ వేస్తానండీ. అందరూ అదే అడుగుతారు.

మేనత్త: అందరికీ వద్దు. కార్యదర్శికీ, కోశాధికారికీ. అంతే. వాచ్‌మన్ గదిలో గేటు బొమ్మ మాత్రమే కనపడే చిన్న మానిటరు. 2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి సంగతి బయటపడింది. డాక్టరు పరీక్ష చేస్తున్న ఆడవాళ్ల వీడియోలు కెమెరా వ్యవస్థలోంచి లాగి టెలిగ్రామ్‌లో అమ్మారు. ఆ పాస్‌వర్డు ఏంటో తెలుసా? అడ్మిన్ 123.

మేనల్లుడు: తెలుసండీ. మా వ్యాపారంలో ఉన్న పెద్ద జబ్బు అది. బిగించినవాడు పెట్టిన పాస్‌వర్డు అలాగే ఉండిపోతుంది. 2016లో మిరాయ్ అని ఒక వైరస్ వచ్చింది, ఇలా ఫ్యాక్టరీ పాస్‌వర్డుతో వదిలేసిన కెమెరాలూ డీవీఆర్లూ లక్షల్లో పట్టుకుని, ఆ అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లనే కొన్ని గంటలు ఆపేసింది. ఇప్పుడు కేంద్రం రూలు పెట్టింది. 2025 ఏప్రిల్ 9 నుంచి ప్రభుత్వ సంస్థ ఎస్‌టీక్యూసీ పరీక్షలో నెగ్గిన కెమెరాలే అమ్మాలి. లోపలి సాఫ్ట్‌వేర్, బయటికి తెరుచుకునే దారులు, అన్నీ పరీక్షిస్తారు. నేను పెట్టేది ఆ సర్టిఫికెట్ ఉన్నదే. మన కడప దగ్గర కొప్పర్తిలోనే కెమెరాలు తయారవుతున్నాయి, చైనా సరుకే గతి అన్న రోజులు పోయాయి.

మేనత్త: సర్టిఫికెట్ కెమెరాకి ఇస్తారు. పాస్‌వర్డు పెట్టేది నువ్వు. బిగించిన రోజునే నా ఎదుట మార్చాలి, నీకు కూడా తెలియకూడదు.

మేనల్లుడు: నాకు తెలియకపోతే రిపేరు ఎలా చేస్తానండీ? ప్రతిసారీ మిమ్మల్ని పిలవాలా?

మేనత్త: పిలవాలి. స్ట్రాంగ్ రూము తాళాలు రెండు చేతుల్లో ఉండేవి. నేను మేనేజర్నని ఒక్కదాన్నీ తెరిచేదాన్ని కాదు. రికార్డు వెనక్కి చూడాల్సి వస్తే ఇద్దరం కలిసి చూస్తాం, ఎందుకు చూశామో పుస్తకంలో రాస్తాం. ఫలానా అమ్మాయి రాత్రి ఎన్నింటికి వచ్చిందో చూసి చెప్పండి అని అడిగేవాళ్లు మన మెట్ల మీదే ఉన్నారు. వాళ్లకి ఆ పుస్తకం చూపిస్తాను.

మేనల్లుడు: సరేనండి. నడవాల్లో ఎందుకు వద్దంటారు? మూడో అంతస్తులో పసిపిల్ల తల్లి రెండుసార్లు ఫోన్ చేసింది. భర్త గల్ఫ్‌లో ఉంటాడు. ఎవరో మధ్యాహ్నం తలుపు కొట్టి పోతున్నారట. ఆవిడ భయం మీకు లెక్కలోకి రాదా?

మేనత్త: వస్తుంది. ఆవిడ తలుపుకి వీడియో డోర్ ఫోన్ బిగించు. నొక్కినవాడి ముఖం ఆవిడకే కనపడుతుంది. సంఘం డబ్బుతోనే పెట్టిద్దాం. నడవాలో కెమెరా పెడితే ఎదురింటి తలుపు తెరిచినప్పుడల్లా లోపలి హాలు రికార్డవుతుంది. నైటీలో చెత్తబుట్ట బయట పెట్టడానికి వచ్చే ఆడవాళ్లు ఉన్నారు. గుమ్మంలో కూర్చుని జుట్టు ఆరబెట్టుకునే ముసలమ్మ ఉంది. ముప్పై రోజులు ఆవిడ బొమ్మ నా డిస్కులో ఎందుకు? 2017 ఆగస్టు 24న సుప్రీం కోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని తేల్చారు. ఇంట్లో తోటివారి సమ్మతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు పెట్టడం తప్పని 2025లో కలకత్తా హైకోర్టు చెబితే, సుప్రీం కోర్టు దాన్ని మార్చలేదు.

మేనల్లుడు: అది ఇంటి లోపలి సంగతండీ. నడవా అందరిదీ. తలుపుల మీద మాస్కు వేస్తాను. మెనూలోనే ఉంటుంది, ఆ భాగం నల్లగా పడుతుంది, రికార్డులో కూడా ఉండదు.

మేనత్త: వేస్తావు. రేపు ఇంకొకడు వచ్చి తీసేస్తాడు. మెట్లు మొదలయ్యే చోట ఒకటి, లిఫ్టు తలుపు ముందు ఒకటి ఉన్నాయంటే, పైకి వెళ్లిన ప్రతివాడూ వాటిలో పడ్డట్టే. వాడు మూడో అంతస్తులో ఏ తలుపు కొట్టాడో ఆ తలుపువాళ్లు చెబుతారు.

మేనల్లుడు: పక్క భవనం టెర్రస్ మీంచి దూకి వస్తే?

మేనత్త: టెర్రస్ తలుపు దగ్గర నీ ఐపీ కెమెరా ఉంటుందిగా.

మేనల్లుడు: ఫ్లాట్లలోకే ఎవడైనా పనివాడి వేషంలో... సరే. ఈ విషయంలో నేను ఒప్పుకోలేదండీ. నడవాల్లోకి వైరు మాత్రం లాగి డబ్బా మూసి ఉంచుతాను. కెమెరా పెట్టాలా వద్దా సర్వసభ్య సమావేశం చెప్పాలి. ఆ అంతస్తు ఆడవాళ్లు చెప్పాలి. మీరొక్కరూ చెబితే కాదు.

మేనత్త: అది న్యాయమైన మాట. ఆడవాళ్లు చెప్పాలన్నది ఇంకా బాగుంది. హాలు సంగతి కూడా రాసుకో. పెళ్లికూతురి గది వైపు తిరిగిన కెమెరా ఒక్కటి కూడా ఉండకూడదు. హాలు ప్రవేశం దగ్గర ఒకటి, భోజనాలవైపు తలుపు దగ్గర ఒకటి. కెమెరాల్లోని మైకులన్నీ ఆపెయ్. కెమెరాలు ఉన్నాయని గేటు దగ్గర తెలుగులో పెద్ద బోర్డు.

మేనల్లుడు: రికార్డరు ఎక్కడ పెట్టమంటారు? వాచ్‌మన్ గదిలో వద్దండీ. పోతూపోతూ డీవీఆర్ కూడా ఎత్తుకుపోయారని పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు?

మేనత్త: రెండో అంతస్తు కరెంటు గదిలో, ఇనుప పెట్టెలో. తాళం నా దగ్గర. గడియారం సంగతి కూడా చూడు. పాత డీవీఆర్ పావుగంట ముందు నడుస్తోంది. కోర్టులో అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే.

మేనల్లుడు: నెట్ నుంచి టైము సరిచేసుకునేలా పెడతాను. ఫుటేజీ ఇచ్చేటప్పుడు సెల్‌ఫోన్‌తో స్క్రీన్ షూట్ చేసి పంపుతారండీ అందరూ. అది పనికిరాదా?

మేనత్త: పోలీసులకి ఆచూకీకి పనికొస్తుంది, కోర్టులో రుజువుకి నిలవదు. రికార్డుతోపాటు ధ్రువపత్రం తప్పనిసరని సుప్రీం కోర్టు 2020 జులైలో ఖాయం చేసింది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ కింద ఆ పత్రం రెండు భాగాలు. యంత్రం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు ఒకటి, నిపుణుడు ఒకటి. ఫైలు హ్యాష్ విలువ అందులో రాయాలి. ఆ ఫైలులో తర్వాత ఒక్క చుక్క మారినా ఆ విలువ మారిపోతుంది. సంతకం పెట్టేది నేను. అందుకే ఏ కెమెరా ఎక్కడుందో, ఏ రోజు ఎవరు ముట్టుకున్నారో నాకు తెలిసి ఉండాలంటున్నాను.

మేనల్లుడు: అయితే కొటేషన్ మారుస్తానండీ. 16 లోంచి ఎనిమిదికి వస్తున్నాం. గేటుకి రెండు, పార్కింగ్‌కి రెండు, దుకాణాల వరండాకి ఒకటి, మెట్లూ లిఫ్టూ కలిసే చోట ఒకటి, హాలు ప్రవేశానికి ఒకటి, టెర్రస్ తలుపుకి ఒకటి.

మేనత్త: ప్రహరీ?

మేనల్లుడు: పార్కింగ్‌లో వెనకది ప్రహరీనీ చూసేలా తిప్పుతాను. భోజనాల తలుపుకి అడిగారు కాబట్టి తొమ్మిది. డిస్కులో దానికీ చోటుంది, నెలకి 5.8 టీబీ.

మేనత్త: డబ్బు కట్టేముందు ఒక పని చెయ్. గేటు ముఖం కెమెరా ఒకటి తెచ్చి, మేకు కొట్టకుండా కర్రకి కట్టి, ఒక రాత్రి ఉంచు. పదకొండు దాటాక నువ్వే టోపీ పెట్టుకుని లోపలికి నడిచి రా. తర్వాత హెడ్‌లైట్ వేసిన బండి మీద రా. పొద్దున్న నీ ముఖం తెలియనివాళ్లకి ఆ బొమ్మా నీ ఫోటోతోపాటు ఇంకో నలుగురి ఫోటోలూ చూపిస్తాను. నిన్ను పట్టుకున్నారంటే అదే మోడలు కొందాం.

మేనల్లుడు: పట్టుకోలేకపోతే?

మేనత్త: రెండో రాత్రి 8 మిల్లీమీటర్ల లెన్స్ తెస్తావు.